దొడ్డమ్మ చేతి అల్లిక



మా దొడ్డమ్మ ప్రభువునందు నిద్రించి రెండు నెలలు దాటింది. భూస్థాపన రోజున వాన పట్టుకోవడంతో నేను వాక్యం క్లుప్తంగా ముగించాను. ఆ తర్వాత కువైట్ నుంచి, మస్కట్ నుంచి, హైదరాబాదు నుంచి మన సంఘపు ఆడపిల్లలు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతున్నారు. “ఆవిడ గురించి రాయండి అయ్యగారూ, నా పెళ్ళి ముసుగు ఆవిడ అల్లిందే.” అందుకని ఈ వారం ధ్యానానికి బదులు ఆమె గురించే రాస్తున్నాను. ధ్యానం కూడా ఇందులోనే ఎక్కడో ఉంటుంది.

కొత్తగా సంఘంలోకి వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. దొడ్డమ్మ అంటే మా అమ్మకు అక్క. 1946లో పుట్టింది. మూడో తరగతితో బడి మానేసింది. పదిహేడో ఏట పెళ్ళయింది. ఇరవయ్యారో ఏట పెదనాన్న విషజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఒక ట్రంకు పెట్టె, అందులో రెండు చీరలు, ఒక బైబిలు, ఒక లేసు సూది పట్టుకుని చెల్లెలి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత యాభై ఏళ్ళ పైచిలుకు మా కుటుంబంలోనే ఉంది. చివరి పదకొండేళ్ళూ మన పాస్టరు ఇంటి వరండాలో మీరందరూ చూసిందే.

లేసు మన ప్రాంతానికి ఎలా వచ్చిందో ఇప్పటి పిల్లలకు తెలియదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి కుటుంబాలతో వచ్చి, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల సువార్త పని మొదలుపెట్టారు. ఆ తరువాతి దశాబ్దాల్లో గోదావరి ప్రాంతంలో పనిచేసిన మిషనరీ కుటుంబాల స్త్రీలు మన పేటల్లోని ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పారు. కూలి దొరకని రోజుల్లో ఇంటిపట్టున కూర్చుని నాలుగు డబ్బులు చూసుకుంటారని నేర్పారు. అల్లినవాటిని తమ దేశంలోని స్నేహితులకు పంపేవారు. తర్వాత వర్తకులు వచ్చారు, ఎగుమతులు వచ్చాయి. క్రైస్తవుల ఇళ్ళలో మొదలైన పని, గడప దాటి బయటికి రాని కాపుల ఇళ్ళ ఆడవాళ్ళ చేతుల్లోకి కూడా వెళ్ళింది. ఒకే ఊళ్ళో ఒక వీధి వాళ్ళు ఇంకో వీధి వాళ్ళ ఇంట మంచినీళ్ళు తాగని కాలంలో కూడా అదే దారం, అదే సూది అన్ని వీధుల్లోనూ ఉండేవి. ఇది దొడ్డమ్మ నాతో చాలాసార్లు అన్న మాట.

దొడ్డమ్మ మా అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. అమ్మమ్మ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. అంతకు ముందు ఎవరో దొరసాని.

ఆమె పని చేసే తీరు చెప్పాలి. పొద్దున్నే వంటింటి పని అయ్యాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునేది. కొబ్బరినూనె తలకు రాసుకున్న రోజు సూది ముట్టేది కాదు. పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. అందులో తెల్లగుడ్డ, ఆ గుడ్డలో దారపు ఉండ, సగం అల్లిన పువ్వులు. వెలుతురు ఎటు తిరిగితే అటు ముక్కాలిపీట జరుపుకుంటూ పోయేది. మధ్యాహ్నానికి ఇంటి ముందు అరుగు మీద, సాయంత్రానికి పెరట్లో నిమ్మచెట్టు కింద. మాకు గడియారం లేని రోజుల్లో దొడ్డమ్మ పీట ఎక్కడుందో చూసి బడికి బయల్దేరేవాళ్ళం.

లేసు అల్లేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె గొప్పతనమేమిటని ఎవరైనా అడగొచ్చు. చెబుతాను. ఏజెంటు తెచ్చే నమూనా చూసి అల్లడం అందరూ చేసేదే. దొడ్డమ్మ నమూనా లేకుండా అల్లేది. కాగితం మీద గీసుకోవడం ఆమెకు రాదు. దేన్నయినా చూసి, కళ్ళు సగం మూసి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకునేది. మర్నాటికి అది దారంలో ఉండేది. గుమ్మడిపువ్వు, సాలెగూడు, విసనకర్రలా విచ్చిన కొబ్బరి మట్ట, వలలో పడ్డ చేప. ఒకసారి కాలవ మీద వానచినుకు పడినప్పుడు వచ్చే వలయాలను అల్లింది. చిన్న వలయం, దాని చుట్టూ పెద్దది, దాని చుట్టూ ఇంకా పెద్దది, చివరిది అంచులో కలిసిపోయి కనిపించదు. అదెలా చేశావని అడిగితే, “లేసంటే దారం అనుకుంటార్రా అందరూ. కన్నాలే లేసు. కన్నం ఎక్కడుండాలో తెలిస్తే దారం దాని దారిన అది వస్తుంది” అంది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊరి మందిరంలో ప్రభువు బల్లకు కొత్త గుడ్డ కావలసి వచ్చింది. ద్రాక్షగుత్తులు వేయమని పెద్దలు చెప్పారు. దొడ్డమ్మ వరికంకులు వేసింది. ద్రాక్షలు ఏవమ్మా అని అప్పటి పాస్టరుగారు అడిగారు. “ఆయ్, నేనెప్పుడూ ద్రాక్షతీగ చూళ్ళేదండి. చూడనిది ఎలా అల్లుతాను? ప్రభువు మన డెల్టాలో పుట్టుంటే వరి పేరే చెప్పేవాడు కదండీ” అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ గుడ్డ మీద ఇరవై ఏళ్ళు రొట్టె విరిచారు. ధాన్యం బరువుకు వంగిన కంకి ఎలా ఉంటుందో అలాగే ఉండేది. పూత మీదున్న కంకి నిటారుగా ఉంటుంది, గింజ నిండేకొద్దీ వంగుతుంది. ఆ తేడా కూడా అందులో కనిపించేది.

ఆమెకు డబ్బు లెక్క రూపాయల్లో వచ్చేది కాదు, లేసులో వచ్చేది. నా మొదటి సైకిలు పద్నాలుగు డజన్ల పువ్వులు. మా చెల్లి చెవిదుద్దులు మూడు బల్ల గుడ్డలు. నేను సెమినరీకి వెళ్ళినప్పుడు కట్టవలసిన ఫీజు కాగితం ఆమెకు చదివి వినిపిస్తే, చాలాసేపు వేళ్ళు మడిచి, “రెండు దీపావళులు దాటాలి” అంది. పండగలకు ముందు ఆర్డర్లు ఎక్కువ వస్తాయని ఆమె లెక్క. ఆ రెండేళ్ళూ ప్రతి టర్ముకూ మనియార్డరు వచ్చింది. గ్రీకు వ్యాకరణం పుస్తకం కొన్నానని ఉత్తరం రాస్తే, సెలవులకు ఇంటికి రాగానే దాన్ని అడిగి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, “దీనికి ఆరు దిండు గలీబులు పోయాయి. బాగా చదువు” అని ఇచ్చేసింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. కష్టమైన క్రియాపదం తగిలినప్పుడల్లా నాకు దిండు గలీబులు గుర్తొస్తాయి.

అంత పనికి ఆమెకు ఏం దక్కిందో కూడా రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, తిరిగి తెచ్చిన లేసును తూచి తీసుకునేవాడు. కొంచెం పసుపు పచ్చబడితే కోత. కిరసనాయిలు దీపం మసి తగిలితే కోత. చిన్నప్పుడు నేను ఆమెతో కలిసి వెళ్ళేవాణ్ణి. అతను లేసును వెలుతురుకు ఎత్తి చూస్తున్నంతసేపూ దొడ్డమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడేది. ఆ రోజుల్లో పొద్దుణ్ణించి పొద్దుగూకేదాకా అల్లినా రోజుకు రూపాయి పడేది కాదు.

సెమినరీ లైబ్రరీలో ఒక పుస్తకం నా కంటబడింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు అల్లేవాళ్ళ గురించి రాసింది, 1982లో అచ్చయింది. మన ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు పుస్తకంలో చూసి ముందు ఆశ్చర్యపోయాను. ఆమె చెప్పేదేమిటంటే, ఈ ఆడవాళ్ళు ఇంటిపని మీద రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లుతారు. ఆ సరుకు సముద్రాలు దాటి పోతుంది. అయినా వాళ్ళను పనివాళ్ళని ఎవరూ అనరు. ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్ళు, తీరికవేళ చేసుకునే పని అంటారు. ఆ పేరు పెట్టడం వల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయింది. సెలవుల్లో ఇది దొడ్డమ్మకు తెలుగులో చెప్పాను. సూది ఆపకుండా విని, “నాకు తీరిక ఎప్పుడుందో ఆవిణ్ణి అడిగి చెప్పు” అంది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. టీవీలో చెబుతుంటే మా అమ్మాయి పరిగెత్తుకెళ్ళి ఆమెకు చెప్పింది. “గుర్తింపు ఊరికా, చేతులకా?” అని అడిగింది దొడ్డమ్మ. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అయినా ఆ సాయంత్రం ఆమె పక్కింటివాళ్ళను పిలిచి మరీ ఆ వార్త చెప్పడం నేను విన్నాను.

చనిపోయినవాళ్ళంతా పరిశుద్ధులేనన్నట్టు మాట్లాడటం మన కూడికల్లో అలవాటు. దొడ్డమ్మకు అది నచ్చేది కాదు. ఆమెకు కోపం ఎక్కువ. నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు వదులుగా అల్లితే ఒక్క మాట కూడా అనకుండా దారం కొస పట్టుకుని లాగేసేది. గంట పని అరనిమిషంలో ఊడిపోయేది. పిల్లలు ఏడ్చేవారు. అలా ఏడ్చిన ఇద్దరు ఇవాళ ఈ చుట్టుపక్కల మంచి పనివాళ్ళు. మూడో అమ్మాయి మాత్రం మళ్ళీ మా ఇంటికి రాలేదు, ఆ సంగతి దొడ్డమ్మ చివరిదాకా మర్చిపోలేదు. మా అమ్మకూ ఆమెకూ ఉప్పు దగ్గర, పప్పు దగ్గర, దీపం ఆర్పే దగ్గర యాభై ఏళ్ళు తగాదా నడిచింది. పాటలు కూడా ఆమె రాగంలో పాడేది కాదు. అందరూ ఒక చరణంలో ఉంటే తను ఇంకో చరణంలో ఉండేది. ఆమె ప్రార్థనలు మాత్రం చాలా పొట్టివి. “ప్రభువా, వాళ్ళ సంగతి చూడు” అనేది. ఎవరి సంగతో ప్రభువుకు తెలుసు కాబోలు.

నిర్గమకాండంలో ప్రత్యక్షగుడారం నిర్మాణం గురించిన అధ్యాయాలు మనం త్వరత్వరగా తిప్పేస్తాం. మూరలు, కొలుకులు, తెరలు, ఎవరికి ఓపిక? కానీ 31వ అధ్యాయం తెరిచి చూడండి. దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిల్లో మొదట చెప్పబడినవాడు బెసలేలు. అతను ప్రవక్త కాడు, యాజకుడు కాడు. లోహం, రాయి, చెక్క పని చేసేవాడు. 35వ అధ్యాయంలో స్త్రీలు ఉన్నారు. జ్ఞానహృదయం గలవాళ్ళు తమ చేతులతో వడికిన నూలు తెచ్చారని, మేకవెంట్రుకలు వడికారని ఉంది. వాళ్ళ పేర్లు లేవు. అయినా వడికింది చేతులతోనని మోషే గ్రంథం ప్రత్యేకంగా రాసింది. ఈ వాక్యభాగం దొడ్డమ్మకు చదివినప్పుడు, మేకవెంట్రుక వడకడం చాలా కష్టమనీ, గుచ్చుకుంటుందనీ, వాళ్ళ వేళ్ళు ఎలా ఉండేవోననీ ఆమె ఆలోచించింది. నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఎక్కడా ఆ వేళ్ళ సంగతి లేదు.

పోయిన ఏడాది ఆమె చూపు బాగా తగ్గింది. శుక్లాల ఆపరేషన్ చేయించినా చిన్న కుట్టు కనిపించేది కాదు. వేళ్ళతో తడిమి అల్లేది. వర్షాకాలం మొదట్లో ఒక ఉదయం కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతమని డాక్టర్లు చెప్పారు. మీలో చాలామంది ఉపవాసముండి ప్రార్థించారు. పందొమ్మిదో రోజు తెల్లవారుజామున వెళ్ళిపోయింది. చివరి వారంలో మాట లేదు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం దుప్పటి అంచు మీద ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలేవి.

భూస్థాపనకు నేను కొరింథీ పత్రికలోని పునరుత్థాన అధ్యాయం సిద్ధం చేసుకున్నాను. పెట్టె వరండాలో ఉంది. రెండో వీధి అక్క ఒకావిడ వచ్చి తన ఇంటి నుంచి తెచ్చిన లేసు గుడ్డ పెట్టె మీద పరిచింది. అది చూసి ఇంకొకావిడ ఇంటికి వెళ్ళి తన కూతురి బాప్తిస్మపు టోపీ తెచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఏర్పాటు లేదు. అరగంటలో పెళ్ళి ముసుగులు, దిండు గలీబులు, బైబిలు తొడుగులు, పసిపిల్లల సాక్సులు, చిరిగినవి, పచ్చబడినవి, ఇస్త్రీ చేసి దాచుకున్నవి అన్నీ వచ్చాయి. ప్రతి ఒక్కరూ నాకు చూపిస్తున్నారు. “ఇది చూడండి అయ్యగారూ, ఇది నా కాన్పుకు ఇచ్చింది, డబ్బులు పుచ్చుకోలేదు.” “ఇది చూడండి, మా ఆయన పోయినప్పుడు ఇచ్చింది.” మన సంఘానికి ఎప్పుడూ రాని ఇద్దరు హిందూ అమ్మలు కూడా గుమ్మం అవతల నిలబడి, పూజగదిలో కట్టుకున్న తోరణం ఒకటి, కిటికీ పరదా ఒకటి చేతుల్లో పట్టుకుని ఉన్నారు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం నేను ఎన్నిసార్లు బోధించానో నాకే లెక్క లేదు. యొప్పేలో తబితా చనిపోయింది. లుద్దలో ఉన్న పేతురు కోసం మనుషులు పరిగెత్తారు. ఆయన మేడగదిలోకి వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ ఆయనకు చూపించారు. శిష్యురాలు అనే స్త్రీలింగ పదం గ్రీకు కొత్త నిబంధనలో ఆమె గురించి చెప్పిన ఆ ఒక్క చోటే ఉంది. అది నేను ఆ ఆరు దిండు గలీబుల పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకున్న సంగతి. ఆమె నోట వచ్చిన ఒక్క మాట కూడా లూకా రాయలేదు. బట్టల గురించి రాశాడు. మొన్న వరండాలో నా ముందుకు చాచిన చేతులను చూశాక ఆ మేడగది ఎంత ఇరుకుగా, ఎంత గోలగా ఉండి ఉంటుందో తెలిసింది. కొరింథీ పత్రిక మూసేసి ఆ అధ్యాయమే చదివాను. అప్పటికే వాన మొదలైంది.

సమాధుల దొడ్డి నుంచి తిరిగి వస్తుంటే యవ్వనస్థుల కూడికలోని ఒక తమ్ముడు నా గొడుగులోకి వచ్చాడు. “అయ్యగారూ, అక్కడ పేతురుగారు ప్రార్థిస్తే ఆమె లేచింది. మనం పందొమ్మిది రోజులు ప్రార్థించాం” అన్నాడు. నిందగా అనలేదు, నిజంగా అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. తెలిసినట్టు మాట్లాడే బోధకులు యూట్యూబులో చాలామంది ఉన్నారు, వాళ్ళ దగ్గరకు పోవద్దని కూడా చెప్పాను. తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడకుండా నడిచాం. తబితా లేచాక ఏం చేసి ఉంటుందని మళ్ళీ తనే అడిగాడు. మర్నాడు సూదిలో దారం ఎక్కించి ఉంటుందన్నాను. ఆమె కూడా తర్వాత మరోసారి చనిపోయే ఉంటుంది, ఆ రెండోసారి పేతురు అక్కడ లేడు. అంగీలు ఉన్నాయి. మనకు వాగ్దానం చేయబడిన పునరుత్థానం వేరు, దాని కోసమే ఆమెను మట్టిలో పెట్టి వస్తున్నామన్నాను. ఆ అబ్బాయి తల ఊపాడు. ఒప్పుకున్నాడో, చలికి ఊపాడో తెలియదు.

ఇంకో సంగతి. భూస్థాపన రిజిస్టరులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. మన సెక్రటరీగారు అలవాటు ప్రకారం గృహిణి అని రాయబోయారు. ఆగమని, పాత పేజీలు వెనక్కి తిప్పాను. 1960ల నుంచి ఉన్నాయి. మగవాళ్ళకు రైతు, కూలి, టీచరు, తాపీమేస్త్రి. ఆడవాళ్ళకు గృహిణి, లేదంటే ఒక గీత. ఆ గీతల్లో కనీసం సగం మంది లేసు అల్లి బిడ్డల్ని చదివించినవాళ్ళని నాకు తెలుసు, సెక్రటరీగారికీ తెలుసు, ఆయన తల్లి పేరు కూడా అందులోనే ఉంది. లేసు కళాకారిణి అని రాద్దామన్నాను. కళాకారిణి అంటే సినిమావాళ్ళు అనుకుంటారని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. పావుగంట చర్చ జరిగింది. చివరికి సెక్రటరీగారు ఎవరినీ అడగకుండా “లేసు పని” అని రాసేశారు. తర్వాత పేజీ వెనక్కి తిప్పి, వాళ్ళమ్మ పేరు దగ్గర ఉన్న గీత మీద కూడా అదే రాశారు. రిజిస్టరులో పాత నమోదులు దిద్దకూడదని నియమం ఉంది. నేను చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాను.

ఇక మిగిలింది కొత్త మందిరపు బల్ల గుడ్డ. పునాది రాయి వేసిన వారమే దొడ్డమ్మ దాన్ని మొదలుపెట్టింది. మధ్యలో తెల్ల ఖద్దరు, చుట్టూ జానెడు వెడల్పు అంచు, మళ్ళీ వరికంకులే. మూడు వైపులు పూర్తయ్యాయి. నాలుగో వైపు సగం దాటింది. చివరి కంకులు తడిమి అల్లినవి గనుక కొంచెం ఒరిగి ఉంటాయి.

సంఘ కమిటీలో దీని మీద మాట్లాడుకున్నాం. మిగిలిన మూరెడుకూ బజారులో దొరికే మిషను లేసు కుట్టిద్దామన్నారు ఒకరు. ఉన్నదాన్ని ఉన్నట్టే అద్దాల బీరువాలో జ్ఞాపకంగా పెడదామన్నారు ఇంకొకరు. మా అమ్మ సాధారణంగా కమిటీలో మాట్లాడదు. ఆ రోజు గుమ్మం దగ్గర నుంచే, “బీరువాలో పెడితే అక్క లేచొచ్చి నన్ను తిడుతుంది. బల్ల గుడ్డ బల్ల మీదే ఉండాలి” అంది. వేరే చెయ్యి పడితే తేడా తెలిసిపోతుందని, దొడ్డమ్మది బిగువు చెయ్యి అని స్త్రీల సమాజం వాళ్ళు భయపడ్డారు. “తెలియనీ” అంది అమ్మ.

పోయిన నెల నుంచి అమ్మ, మా అమ్మాయి, అప్పట్లో ఏడ్చినవాళ్ళలో ఒకావిడ కలిసి ఆ అంచు అల్లుతున్నారు. అమ్మవి వదులు కుట్లు. మా అమ్మాయి కంకులకు గింజలు ఎక్కువ. ఎవరి చెయ్యి ఎక్కడ మొదలైందో దూరం నుంచే తెలిసిపోతోంది. ఇంకా జానెడు మిగిలింది. బిస్కెట్ల డబ్బాలో 40 నంబరు తెల్లదారం మూడు ఉండలు ఉన్నాయి, సరిపోతాయి. గురువారం స్త్రీల కూడిక అయ్యాక, మూడింటి నుంచి వెలుతురు ఉన్నంతవరకు మా వరండాలో కూర్చుంటున్నారు. లేసు సూది ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. చేతులు శుభ్రంగా కడుక్కుని రండి. ఆ రోజు మాత్రం తలకు కొబ్బరినూనె రాసుకోకండి.